నెమ్మది శ్వాస: ఏం కొలవాలి, ఎప్పుడు కొలవాలి

ఒత్తిడి తగ్గడానికీ, గుండె ఆరోగ్యానికీ నిమిషానికి ఆరుసార్ల చొప్పున నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం మేలు చేస్తుందన్న మాటలో నిజం ఉంది. అయితే సాధన మొదలుపెట్టినవారిలో చాలామంది కళ్లు మూసుకుని పది నిమిషాలు కూర్చుని, లేవగానే వాచీ చూసుకుని, అంకెలు బాగున్నాయి కాబట్టి గుండె కూడా బాగుపడిందని సంతోషిస్తారు. సాధన జరుగుతున్నప్పుడూ, ముగిసిన వెంటనేనూ కనిపించే అంకెలు ఆ సాధన సరిగా సాగిందా లేదా అన్నంతవరకే చెప్పగలవు. శరీరంలో నిలిచే మార్పు వచ్చిందో లేదో తెలియాలంటే సాధనతో సంబంధం లేని వేళలో, మామూలు ఊపిరితో ఉన్నప్పుడు కొలవాలి. ఈ రెండు రకాల కొలతలనూ కలగాపులగం చేయకుండా ఎలా తీసుకోవాలో, ఏ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో చూద్దాం.

మొదట మామూలు ఊపిరి

సాధన ప్రారంభించే ముందు మీ మామూలు శ్వాస వేగం తెలిసి ఉండాలి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారు సాధారణంగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు; ఒకసారి పీల్చి వదిలితే ఒక లెక్క. ఇది చాలా తేలికైన కొలతలా కనిపిస్తుంది కానీ, తన ఊపిరిని తాను లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టిన క్షణంలోనే మనిషి ఊపిరి తీరు మారిపోతుంది. నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, రోగికి తెలియకుండా ఛాతీ కదలికలను లెక్కపెట్టే అలవాటు నర్సులకు ఉన్నది అందుకే. మీరు ఏదైనా చదువుకుంటున్నప్పుడో, టీవీ చూస్తున్నప్పుడో ముందుగా చెప్పకుండా లెక్కపెట్టమని ఇంట్లోవారిని అడగవచ్చు. ఒంటరిగా ఉండేవారు వెల్లకిలా పడుకుని, పొట్టమీద ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, పక్కనుంచి ఫోన్‌లో ఐదు నిమిషాల వీడియో తీసుకోవచ్చు. మొదటి రెండు నిమిషాలూ కెమెరా నడుస్తున్నదన్న ధ్యాస ఉంటుంది కాబట్టి వాటిని వదిలేసి, మూడో నిమిషం నుంచి పుస్తకం ఎన్నిసార్లు లేచి దిగిందో లెక్కపెట్టాలి.

పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించే పద్ధతి ఇక్కడ పనికిరాదు. నాడికైతే అది ఒక మోస్తరుగా సరిపోతుంది. ఊపిరి విషయంలో మాత్రం ఒక్క శ్వాస అటూ ఇటూ అయినా నిమిషం లెక్కలో నాలుగు తేడా వస్తుంది. పూర్తి 60 సెకన్లు లెక్కించి, వేర్వేరు రోజుల్లో ఒకే వేళకు తీసుకున్న మూడు లెక్కల సగటును మీ తొలి కొలతగా రాసుకోండి. నిద్రలో శ్వాస వేగాన్ని అంచనా వేసే వాచీ ఉన్నవారికి ఆ అంకె కూడా ఉపయోగపడుతుంది, ఎందుకంటే నిద్రలో ఉన్న మనిషి ఊపిరిని సర్దుకోడు. అయితే మెలకువలో తీసిన అంకెనూ నిద్రలో తీసిన అంకెనూ ఒకే వరుసలో కలిపి రాయకూడదు.

ఆరు అనే అంకె ఎక్కడినుంచి వచ్చింది

ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు గుండె కాస్త వేగంగానూ, వదులుతున్నప్పుడు కాస్త నెమ్మదిగానూ కొట్టుకుంటుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లుడ్విగ్ 1847లోనే దీన్ని నమోదు చేశాడు. మెడలోని కరోటిడ్ ధమనుల్లో, గుండెనుంచి బయలుదేరే బృహద్ధమనిలో రక్తపోటును కనిపెట్టే గ్రాహకాలు ఉంటాయి. రక్తపోటు పెరిగితే అవి మెదడు కాండానికి కబురు పంపుతాయి, మెదడు వేగస్ నాడి ద్వారా గుండెను నెమ్మదింపజేస్తుంది, దాంతో పోటు తగ్గుతుంది. తగ్గిన పోటును చూసి గుండె మళ్లీ వేగం పుంజుకుంటుంది. ఈ సర్దుబాటు జరగడానికి కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి రక్తపోటులో సుమారు పది సెకన్లకు ఒకసారి వచ్చే సహజమైన ఒక అల ఏర్పడుతుంది. ఊపిరిని కూడా పది సెకన్లకు ఒకసారి చొప్పున తీసుకుంటే, ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్టు, ఆ రెండు అలలూ కలిసి గుండె వేగంలోని హెచ్చుతగ్గులు బాగా పెద్దవవుతాయి. నిమిషానికి ఆరు శ్వాసలంటే పది సెకన్లకు ఒకటి.

ఇది యంత్రాలు వచ్చాక పుట్టిన సంగతేమీ కాదు. ఇటలీకి చెందిన లూచానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన పరిశోధనలో, లాటిన్‌లో జపమాల ప్రార్థన చేసినా, ‘ఓం మణి పద్మే హుం’ మంత్రాన్ని జపించినా శ్వాస వేగం దానంతటదే నిమిషానికి ఆరు దగ్గరికి చేరుతున్నట్టు గమనించారు. సమాన వ్యవధిలో టిక్‌టిక్‌మని లయ చూపే మెట్రోనోమ్ చప్పుడు చికాకు కలిగించేవారు తమకు అలవాటైన జపాన్నో, పద్యాన్నో కాలమానంగా పెట్టుకోవచ్చు. ఒక ఆవృత్తికి ఎన్ని సెకన్లు పడుతున్నదో ఒకసారి గడియారంతో సరిచూసుకుంటే చాలు.

సాధన, దానిలో చేయాల్సిన కొలతలు

వీపుకు ఆనుకునే కుర్చీలో, పాదాలు నేలమీద ఆనేటట్టు కూర్చోండి. ఒక చేయి ఛాతీమీద, మరొకటి పొట్టమీద ఉంచితే పొట్టమీది చేయి ముందుగా, ఎక్కువగా కదలాలి. ముక్కుతో పీల్చండి. ఐదు సెకన్లు పీల్చి ఐదు సెకన్లు వదలవచ్చు, లేదా నాలుగు సెకన్లు పీల్చి ఆరు సెకన్లు వదలవచ్చు. వదిలే సమయం ఎక్కువగా ఉంటేనే ప్రయోజనమన్న మాట తరచుగా వినిపిస్తుంది కానీ, పరిశోధనల్లో అది తేలిన విషయం కాదు; మీకు ఏది హాయిగా ఉంటే అదే చేయండి. ఊపిరి బిగబట్టవలసిన అవసరం లేదు.

ఎక్కువమంది తడబడేది ఎంత గాలి పీల్చాలన్న దగ్గర. శ్వాసల సంఖ్య సగానికి తగ్గింది కాబట్టి గాలిని రెట్టింపు కంటే ఎక్కువ పీల్చాలని శ్రమపడతారు. లెక్క వేసి చూడండి. విశ్రాంతిలో ఉన్న మనిషి ఒక్కో శ్వాసకు సుమారు 500 మిల్లీలీటర్ల గాలి పీలుస్తాడు. అందులో సుమారు 150 మిల్లీలీటర్లు ఊపిరితిత్తుల్లోని గాలి గదుల దాకా చేరకుండా గొట్టాల్లోనే ఉండిపోతాయి. మిగిలిన 350 మాత్రమే పనికొస్తాయి. నిమిషానికి 12 శ్వాసలైతే గాలి గదులకు చేరేది 4,200 మిల్లీలీటర్లు. అదే గాలి ఆరు శ్వాసల్లో చేరాలంటే ఒక్కో శ్వాసకు 700, గొట్టాల్లో ఉండిపోయే 150 కలిపి 850 మిల్లీలీటర్లు చాలు. అంటే మామూలు ఊపిరికి రెట్టింపు కూడా అక్కర్లేదు. అంతకు మించి లాగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తేలిపోవడం, పెదవులూ వేళ్లకొసలూ తిమ్మిరెక్కడం, ఆవలింతలు రావడం వంటివి కనిపిస్తాయి. వీటిని సాధన ఫలిస్తున్న గుర్తులుగా పొరబడేవారూ ఉన్నారు. అవి అతిశ్వాసకు గుర్తులు. కనిపించగానే లయను అలాగే ఉంచి, పీల్చే గాలిని మాత్రం తగ్గించాలి. పక్కన కూర్చున్నవారికి మీ ఊపిరి చప్పుడు వినిపించకూడదన్నది ఇంట్లో పాటించదగిన మంచి కొలమానం.

సాధన సమయంలో రాసుకోవలసినవి మూడే. నిజంగా ఎన్ని శ్వాసలు తీసుకున్నారన్నది మొదటిది. మెట్రోనోమ్ ఆరు కొట్టినంతమాత్రాన మీరు ఆరు తీసుకున్నట్టు కాదు. మధ్యలో దొంగతనంగా ఒక చిన్న ఊపిరి తీసుకోవడం చాలా సహజం. ప్రతి శ్వాసకూ వేలితో ఒక పూసను జరుపుతూ పది నిమిషాల తర్వాత లెక్కపెడితే 60 దగ్గర ఉండాలి. 75 వస్తే మీ వేగం నిమిషానికి ఏడున్నర అన్నమాట, దానివల్ల నష్టమేమీ లేదు. రెండోది తల తిరగడం, తిమ్మిరి వంటి ఇబ్బంది ఏదైనా కలిగిందా అన్నది. మూడోది గుండె వేగంలోని ఊపు, అంటే ఒక్కో శ్వాసలో అది ఎంత పెరిగి ఎంత తగ్గుతున్నదన్నది.

ఈ ఊపును చూడటానికి గుండె విద్యుత్ సంకేతాలను పట్టుకునే ఛాతీ పట్టీ అన్నిటికంటే నమ్మదగినది. మణికట్టు వాచీ వెలుతురుతో నాడిని పసిగడుతుంది. చేయి కదలకుండా ఉంటే అది పనిచేస్తుంది గానీ, చాలా వాచీలు కొన్ని సెకన్ల సగటును చూపుతాయి కాబట్టి పది సెకన్లలో పడిలేచే అలను చదును చేసేస్తాయి. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్‌దీ ఇదే లోపం. దానిలోని ఆక్సిజన్ అంకె ఆరోగ్యవంతులకు ముందే 95 పైన ఉంటుంది కనుక, అది 97 నుంచి 98కి ‘పెరిగిందని’ సంబరపడటంలో అర్థం లేదు.

ఛాతీ పట్టీ ఉన్నవారు ఒక నిమిషంపాటు ఐదు సెకన్లు పీల్చి ఐదు సెకన్లు వదులుతూ, ఒక్కో శ్వాసలో గుండె వేగం ఎంత పైకి వెళ్లిందో, ఎంత కిందికి దిగిందో రాసుకోవచ్చు. ఉదాహరణకు పై అంకెలు వరుసగా 78, 77, 79, 76, 77, 78. కింది అంకెలు 64, 65, 64, 63, 64, 65 అనుకుందాం. తేడాలు 14, 12, 15, 13, 13, 13. సగటు సుమారు 13. మధుమేహం వల్ల గుండెకు వెళ్లే నాడులు దెబ్బతిన్నాయా అని తెలుసుకోవడానికి వైద్యులు చేసే పరీక్ష కూడా ఇదే. ఈవింగ్, క్లార్క్ అనే వైద్యులు 1980ల తొలినాళ్లలో స్థిరపరచిన ఆ పద్ధతిలో తేడా 15 లేదా అంతకు మించి ఉంటే సాధారణమనీ, 10 లేదా అంతకు తక్కువైతే అసాధారణమనీ, మధ్యలోది సందిగ్ధమనీ లెక్క. అయితే ఈ ఊపు వయసుతోపాటు తగ్గుతుంది; ముప్ఫై ఏళ్లవారికి 13 తక్కువగా కనిపించవచ్చు, అరవై దాటినవారికి అదే అంకె చక్కగా ఉన్నట్టే. కనుక ఇంటి కొలతతో జబ్బు నిర్ధారణకు దిగకుండా, మీ అంకెను మీ పాత అంకెతోనే పోల్చుకోండి.

అందరికీ ఆరే సరైన వేగం కాదు. నిమిషానికి నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ఒక్కొక్కరికి ఒక్కో వేగంలో ఈ ఊపు పెద్దదవుతుంది. పొడవైనవారికి అది కాస్త నెమ్మది వేగం వైపు ఉంటుంది. ఆసక్తి ఉంటే ఆరున్నర, ఆరు, ఐదున్నర, ఐదు, నాలుగున్నర వేగాల్లో రెండేసి నిమిషాలు చేసి, నడుమ విశ్రాంతి తీసుకుంటూ, ఎక్కడ ఊపు పెద్దగానూ నునుపుగానూ ఉన్నదో చూసుకోవచ్చు. ఒక్కో శ్వాసకు వరుసగా సుమారు 9.2, 10, 10.9, 12, 13.3 సెకన్లు పడతాయి. నా దృష్టిలో ఇది మొదటి నెలలో చేయవలసిన పని కాదు. లయ కుదరకముందే అర సెకను తేడాల కోసం వెతికేవారికి సాధనే ఒక కొత్త ఒత్తిడి అవుతుంది.

హెచ్‌ఆర్‌వీ అంకెలతో జాగ్రత్త

హార్ట్ రేట్ వేరియబిలిటీ, అంటే హెచ్‌ఆర్‌వీ, ఒక గుండె చప్పుడుకూ మరో చప్పుడుకూ మధ్య విరామం ఎంతెంత మారుతున్నదో చెప్పే కొలత. యాప్‌లు ఎక్కువగా చూపేది ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ. దీని లెక్క కష్టమైనదేమీ కాదు. వరుస విరామాలు 820, 850, 810, 860 మిల్లీసెకన్లనుకోండి. పక్కపక్క విరామాల తేడాలు 30, 40, 50. వాటి వర్గాలు 900, 1,600, 2,500. వాటి సగటు సుమారు 1,667. దాని వర్గమూలం సుమారు 41. మీ యాప్ ‘41’ అని చూపితే దాని వెనుక ఉన్నది ఇలాంటి లెక్కే, కాకపోతే వందల చప్పుళ్లమీద.

నెమ్మది శ్వాస గుండె వేగంలోని హెచ్చుతగ్గులను పెంచుతుందని ముందే చెప్పుకున్నాం. కాబట్టి సాధన సమయంలో హెచ్‌ఆర్‌వీ పెరగడం విశేషం కాదు, పెరగకపోతేనే విశేషం. ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. కొన్ని యాప్‌లు హెచ్‌ఆర్‌వీని తక్కువ పౌనఃపున్యం, ఎక్కువ పౌనఃపున్యం అని రెండుగా విడదీసి, వాటి నిష్పత్తిని ‘ఒత్తిడి సూచిక’గా చూపుతాయి. 1996లో ఐరోపా, ఉత్తర అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు కలిసి ఖరారు చేసిన ప్రమాణాల ప్రకారం 0.04 నుంచి 0.15 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని అలలన్న లెక్క) వరకు తక్కువ పట్టీ, 0.15 నుంచి 0.4 వరకు ఎక్కువ పట్టీ. నిమిషానికి 15 సార్లు ఊపిరి తీసుకునేవారి శ్వాస అల 0.25 హెర్ట్జ్ దగ్గర, ఎక్కువ పట్టీలో ఉంటుంది. ఆరుకు తగ్గించగానే అది 0.1కి, అంటే తక్కువ పట్టీలోకి మారిపోతుంది. దాంతో ప్రశాంతంగా కూర్చున్న మనిషికి ఒత్తిడి విపరీతంగా పెరిగిందని యాప్ ప్రకటిస్తుంది. సాధన సమయంలో ఆ సూచికను చూడనే వద్దు.

నిలిచే మార్పు కోసమైతే ఉదయం నిద్రలేచి, మూత్రవిసర్జన తర్వాత, కాఫీ టీలకు ముందు, రోజూ ఒకే భంగిమలో, మామూలు ఊపిరితో ఐదు నిమిషాలు కొలవండి. రాత్రి నిద్ర, మద్యం, జ్వరం, కఠిన వ్యాయామం ఈ అంకెను ఒక్కరోజులోనే బాగా కదిలిస్తాయి. అందుచేత రోజువారీ అంకెను చూసి తీర్పు చెప్పకుండా వారం సగటును వారం సగటుతో పోల్చాలి. గుండె లయ తప్పి కొట్టుకునేవారికి ఒక్క తప్పిన చప్పుడు వల్ల కూడా ఈ అంకె అమాంతం పెరుగుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ పూర్తిగా క్రమం తప్పే జబ్బు) ఉన్నవారికీ, పేస్‌మేకర్ మీద గుండె నడిచేవారికీ హెచ్‌ఆర్‌వీకి ఈ అర్థాలు వర్తించవు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారు మోతాదు మారిన తేదీని తప్పక రాసుకోవాలి, ఆ తేదీకి ముందూ వెనుకా ఉన్న అంకెలను పోల్చకూడదు.

రక్తపోటు

గుండె ఆరోగ్యం మాటకొస్తే ఇంట్లో చేయగల కొలతల్లో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది దీనికే. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో వెలువరించిన ప్రకటనలో, శ్వాసను నిమిషానికి పదికి లోపు తగ్గించేలా నడిపించే పరికరంతో చేసే సాధనను మందులకూ ఆహార నియమాలకూ తోడుగా వాడటం సమంజసమేనని చెప్పింది. అయితే అధ్యయనాలు చాలావరకు చిన్నవి, ఫలితాలు అన్నిటిలో ఒకేలా లేవు. కాబట్టి మీ విషయంలో ఏం జరుగుతున్నదో మీరే కొలుచుకోవడం మరింత అవసరం.

కొలిచే పద్ధతి సరిగా లేకపోతే సాధన తెచ్చే మార్పు కంటే పద్ధతి తెచ్చే తేడానే పెద్దదవుతుంది. పైచేయికి కట్టే యంత్రం, చేతి చుట్టుకొలతకు సరిపోయే పట్టీ ఉండాలి. కొలిచే అరగంట ముందు నుంచి కాఫీ, పొగ, వ్యాయామం ఉండకూడదు. మూత్రాశయం ఖాళీగా ఉండాలి. వీపు ఆనించి, కాళ్లు ఒకదానిమీద ఒకటి వేసుకోకుండా ఐదు నిమిషాలు మౌనంగా కూర్చున్నాక, చేయిని బల్లమీద గుండె ఎత్తులో ఉంచి, నిమిషం వ్యవధితో రెండుసార్లు కొలిచి సగటు రాయాలి. పట్టీ గుండె మట్టానికి పది సెంటీమీటర్లు కిందున్నా అంకె ఏడెనిమిది మిల్లీమీటర్లు ఎక్కువగా వస్తుంది.

ఆ ఐదు నిమిషాల మౌనంలో నెమ్మది శ్వాస చేయకూడదు. చేస్తే అంకె అప్పటికప్పుడు తగ్గుతుంది. ఆ తగ్గుదల కాసేపటికి కరిగిపోతుంది. దాన్ని వైద్యుడికి చూపిస్తే అసలు రక్తపోటును దాచిపెట్టినట్టే. సాయంత్రం సాధన చేసేవారు ఉదయం కొలవడం మంచిది. మరో మెళకువ కూడా ఉంది. ఎక్కడో ఒకచోట బీపీ ఎక్కువ వచ్చిందని భయపడినవారే ఇలాంటి సాధనలు మొదలుపెడతారు, ఆ తర్వాతి కొలతలు ఏమీ చేయకపోయినా కొంత తగ్గుతాయి. అందుకని సాధనకు ముందు రెండు వారాలు ఉదయం, సాయంత్రం కొలిచి, మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగిలినవాటి సగటును తొలి కొలతగా తీసుకోవాలి.

ఒత్తిడికి యంత్రం అక్కర్లేదు

ఒత్తిడిని సున్నా నుంచి పది వరకు అంకెలో రాసుకోవడం పాత పద్ధతే గానీ ఇంతవరకు దాన్ని మించిన సులువైనది లేదు. సాధనకు ముందూ తర్వాతా రాస్తే ఆ పూట ఉపశమనం తెలుస్తుంది. రోజూ రాత్రి ఒకే వేళకు ‘ఈ రోజు మొత్తంమీద ఎంత’ అని రాసేది వేరే గడి. నిన్నటి అంకె కనబడకుండా దాన్ని కప్పి రాయాలి, లేకపోతే చేయి నిన్నటి అంకె వైపే పోతుంది. ఊపిరి మీద దృష్టి పెట్టగానే ఆందోళన పెరిగేవారు కొందరుంటారు. ముందూ తర్వాతా అంకెల్లో పెరుగుదల వరుసగా కనిపిస్తే పట్టుదలకు పోకుండా వేగాన్ని ఎనిమిదికో పదికో పెంచి చూడాలి, అప్పటికీ తగ్గకపోతే మానేయాలి.

పట్టిక, గడువు, హద్దులు

రోజుకు పది పదిహేను నిమిషాలు, వారంలో కనీసం నాలుగైదు రోజులు, ఎనిమిది వారాలు ఒక గడువుగా పెట్టుకోండి. పట్టికలో తేదీ, సాధన చేసిన నిమిషాలు, లెక్కలో తేలిన శ్వాస వేగం, ఉదయపు బీపీ, ఉదయపు హెచ్‌ఆర్‌వీ, రాత్రి ఒత్తిడి అంకె ఉంటే సరిపోతుంది. చివర ఒక ఖాళీ గడి వదలండి. ఉప్పు తగ్గించడం, నడక మొదలుపెట్టడం, కొత్త మందు, నిద్రలేని రాత్రి, ప్రయాణం అన్నీ అందులోకి వెళ్లాలి. బీపీ తగ్గిన వారమే నడక కూడా మొదలైతే ఆ ఘనతను ఊపిరికి కట్టబెట్టే హక్కు మీకు ఉండదు. సాధన మానేసిన రోజులను కూడా రాయడం చాలామందికి నచ్చదు కానీ, మానిన వారం అంకెలు ఎలా ఉన్నాయన్నదే కొన్నిసార్లు అన్నిటికంటే స్పష్టమైన ఆధారం.

ఊపిరితిత్తుల జబ్బు, ఉబ్బసం, గుండె వైఫల్యం, తరచూ స్పృహ తప్పడం ఉన్నవారూ, గర్భిణులూ వైద్యుణ్ని అడిగి మొదలుపెట్టాలి. వాహనం నడుపుతున్నప్పుడో, నీళ్లలో ఉన్నప్పుడో ఈ సాధన చేయకూడదు. ఛాతీనొప్పి, ఊపిరి అందకపోవడం, కళ్లు చీకట్లు కమ్మడం వంటివి కనిపిస్తే అది కొలతల విషయం కాదు, వెంటనే వైద్య సహాయం తీసుకోవలసిన విషయం.

ఎనిమిది వారాలయ్యాక చివరి రెండు వారాల ఉదయపు బీపీ సగటును, సాధనకు ముందరి రెండు వారాల ఉదయపు సగటుతో పోల్చండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఇంటి యంత్రానికి మామూలే. ఐదుకు పైగా తగ్గి, ఖాళీ గడిలో వేరే కారణమేదీ కనబడకపోతే సాధన మీకు పనిచేస్తున్నదని భావించవచ్చు. తగ్గకపోయినా రాత్రి ఒత్తిడి అంకె దిగి ఉంటే, ఆ ఒక్క లాభం కోసం కొనసాగించాలో వద్దో మీ ఇష్టం. బీపీ మందు మోతాదును మాత్రం ఈ పట్టిక చూసి మీరు మార్చకూడదు. పట్టికను యథాతథంగా, మొదటి రోజు అంకెలతో సహా, వైద్యుడికి చూపించాలి. కొలిచిన వేళలు కూడా అందులో ఉంటే మందు ఏ పూట వేసుకోవాలన్నది కూడా ఆయన దాన్నిబట్టే ఆలోచించగలరు.